ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ అనుకునే ముందు జాలీ చూడండి!

డబ్లిన్ (కాలిఫోర్నియా): పొద్దున నాలుగింటికి లేచి, బస్సెక్కి, ఎండలో డ్యూటీ చేసి, చీకటి పడ్డాక క్యాంపు చేరే మనిషికి మిగిలేది ఆరేడు గంటల నిద్ర. ఆ నిద్ర గదిలోని ఏసీ చేతిలో ఉంటుంది. ఏసీ బాగుంటే తెల్లారి ఒళ్లు తేలికగా లేస్తుంది. లేకుంటే రాత్రంతా పక్క మీద దొర్లి, మర్నాడు కళ్లు మూతలు పడుతుండగానే స్కాఫోల్డింగ్ ఎక్కాలి. అప్పుడు జారేది ఒక్క కాలే కావచ్చు, కానీ ఊళ్లో ఒక కుటుంబమే కూలిపోతుంది. అందుకే ఈ వారం మన గది ఏసీ గురించి నాలుగు మాటలు.

ముందుగా పైన రాసిన ఊరి పేరు గురించి. అది దుబాయికి అచ్చుతప్పు కాదు. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ కూడా కాదు. అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున కొండల వెనక ఉన్న ఊరు ఇది. 2020 జనాభా లెక్కల్లో 72 వేల పైచిలుకు జనం. కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పక్కనే ఉన్న లివర్‌మోర్‌లో శివ-విష్ణు ఆలయం ఉంది. అమెరికా అంటే మంచు అనుకుంటాం కానీ, ఈ లోయలో ఎండ తక్కువేమీ కాదు. 2022 సెప్టెంబరు 5న లివర్‌మోర్‌లో 116 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు 47 డిగ్రీలు నమోదైంది. కాకపోతే మామూలు రోజుల్లో సాయంత్రానికి సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తుంది, కిటికీలు తెరుచుకుంటారు. గల్ఫ్‌లో మన క్యాంపులకు ఆ భాగ్యం లేదు. ఎండాకాలం అర్ధరాత్రి కూడా బయట సెగే.

ఊళ్లు వేరైనా ఏసీ పనిచేసే తీరు ఒక్కటే. డబ్లిన్‌లో ఏసీ విషయంలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. జాలీ, అంటే ఫిల్టర్, ఎవరింట్లోది వాళ్లే చూసుకుంటారు. మెకానిక్ గడప తొక్కితేనే డాలర్లు లెక్కపెట్టాలి మరి! ఇక గ్యాస్ జోలికి కార్డు లేనివాడు పోకూడదు, అది చట్టం. ఈ రెండూ మన క్యాంపు గదిలో పాటించినా చాలు, సగం తిప్పలు తప్పుతాయి.

ఏసీ చలిని తయారు చెయ్యదు

చాలామంది అనుకున్నట్టు ఏసీ బయటి గాలిని చల్లబరిచి లోపలికి పంపదు. గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? గుడ్డలోని తడి ఆవిరవుతూ కుండలోని వేడిని పట్టుకుపోతుంది గనుక. ఏసీ లోపలి కాయిల్‌లో గ్యాస్ చేసేది అదే పని. అక్కడ ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి కాయిల్‌కు తోస్తుంది. అక్కడ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమై లోపలికి వస్తుంది. అదే గ్యాస్, అవే పైపులు, ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

అంటే గ్యాస్ బండిలో పెట్రోలులాగా అయిపోయేది కాదు. ఏటా నింపాల్సిన పనీ లేదు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాటే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే, గదిలో తలా ఇంత చందా వేసి ఎండాకాలం రాగానే గ్యాస్ కొట్టించుకునే అలవాటు పోతుంది.

మరి చల్లదనం ఎందుకు తగ్గుతుంది? ఎక్కువసార్లు దుమ్ము వల్ల. సిమెంటు బస్తా మోస్తూ మెట్లెక్కే మనిషి ముక్కుకు గుడ్డ కట్టేస్తే ఏమవుతుంది? ఏసీకీ అంతే. గాలి ఆడకపోతే లోపలి కాయిల్ మరీ చల్లబడి మంచు పేరుకుంటుంది. ఆ మంచు మిగిలిన గాలినీ అడ్డుకుంటుంది. కంప్రెసర్ ఆపకుండా రొప్పుతుంది, గది మాత్రం ఉడుకుతుంది. చూసినవాళ్లు ‘గ్యాస్ అయిపోయింది’ అంటారు. మురికి ఫిల్టర్ తీసి శుభ్రమైనది పెడితేనే కరెంటు వాడకం 5 నుంచి 15 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

జాలీ కడిగే పద్ధతి

ఇది ఎవరైనా చెయ్యగల పని. పావుగంట చాలు. రెండు వారాలకోసారి, దుమ్ముతుఫాను వచ్చిన తర్వాత మాత్రం వెంటనే చెయ్యాలి. గదిలో ఎనిమిది మంది ఉంటే వంతులు వేసుకోండి. గోడ మీద కాగితం అతికించి తేదీ, పేరు రాసుకోండి.

1. రిమోట్‌తోనో బటన్‌తోనో ఆపి ఊరుకోవద్దు. గోడ స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీయండి. ప్లగ్ లేకుంటే బ్రేకర్ దించండి. ఫ్యాన్ పూర్తిగా ఆగేదాకా ఆగండి.

2. విండో ఏసీ అయితే ముందు గ్రిల్ వెనక జాలీ ఉంటుంది, పక్కకో పైకో లాగితే వస్తుంది. స్ప్లిట్ ఏసీకి ముందు మూత పైకెత్తితే రెండు జాలీలు కనిపిస్తాయి. బలవంతంగా లాగొద్దు.

3. దుమ్ము గదిలో దులపొద్దు, అదంతా మళ్లీ మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. బయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దుమ్ము పట్టిన వైపు కిందకు ఉంచి వెనక వైపు నుంచి నీళ్లు పట్టండి. జిడ్డుంటే కాస్త సబ్బునీళ్లు. వేడినీళ్లు, గట్టి బ్రష్షు వద్దు.

4. నీడలో ఆరబెట్టండి. గల్ఫ్ ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది, మళ్లీ గాడిలో కూర్చోదు. తడి జాలీ పెట్టకూడదు. జాలీ లేకుండా ఏసీ నడపకూడదు. ఒక్క రాత్రే కదా అనుకుంటే ఆ దుమ్మంతా కాయిల్‌కు పడుతుంది, దాన్ని కడగడానికి మెకానిక్ రావాల్సిందే.

5. జాలీ తీసినప్పుడే టార్చి వేసి లోపలి కాయిల్ చూడండి. పైపైన పొడి దుమ్ముంటే పాత టూత్‌బ్రష్షుతో రేకుల వరసలోనే, పై నుంచి కిందకు మెల్లగా దువ్వండి. అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. అవి బ్లేడులాగా కోస్తాయి కాబట్టి గ్లోవ్స్ వేసుకోండి.

6. అన్నీ బిగించి ఏసీ వేసి పావుగంట ఆగండి. థర్మామీటరు దొరికితే లోపలికి పోయే గాలి, బయటికి వచ్చే గాలి రెండూ చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే దాదాపుగా మీ ఏసీకి గ్యాస్ జబ్బు లేనట్టే.

వీపు మీద లుంగీలు ఆరేయకండి!

క్యాంపుల్లో ఎక్కువగా కనిపించే దృశ్యం ఒకటుంది. విండో ఏసీ వెనక వేడిగాలి కొడుతుంది కదా అని దాని మీద తువ్వాళ్లు, లుంగీలు ఆరేస్తారు. బట్టలు గంటలో ఆరతాయి, నిజమే. కానీ ఏసీ వేడిని వదిలేది ఆ వీపు నుంచే. దాన్ని మూసేస్తే లోపల చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ కాలిపోయే ప్రమాదమూ ఉంది. వెనక భాగం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఏసీకి, కిటికీకి మధ్య సందులుంటే మాత్రం స్పాంజి పెట్టి మూయండి.

గదిలో వంట సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు 18,000 బీటీయూల వేడిని తోస్తుంది. కరెంటు లెక్కలో అది దాదాపు 5,300 వాట్లు. ఒక్కో మనిషి ఊరికే కూర్చున్నా ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఎనిమిది మందికి 800. అందులో 2,000 వాట్ల హాట్‌ప్లేట్ పెట్టారంటే ఏసీ శక్తిలో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోయింది. ఇక గోడల సెగ, తలుపు సందు నుంచి వచ్చే వేడి సంగతేమిటి? పైగా పోపు జిడ్డు కాయిల్‌కు పట్టిందంటే దుమ్ము దాని మీద అట్టలు కడుతుంది. నిప్పు ప్రమాదం ఉండనే ఉంది. వంట వంటగదిలోనే చేసుకోండి.

16 పెడితే త్వరగా చల్లబడుతుందా?

లేదు. మామూలు ఏసీ 16 మీద పెట్టినా 24 మీద పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. 16 మీద పెడితే ఆగడం మాత్రం ఉండదు. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి తయారైన స్టార్ గుర్తు గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని లెక్క చెప్పారు.

డబ్లిన్ వాళ్లకు ఇది 2022 సెప్టెంబరు 6న బాగా తెలిసొచ్చింది. ఆ రోజు కాలిఫోర్నియా కరెంటు వాడకం 52,061 మెగావాట్లతో రికార్డు సృష్టించింది. సాయంత్రం 5.45కు జనం ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అవసరం లేనివన్నీ ఆపి కరెంటు తగ్గించండి అని ప్రభుత్వం సందేశం. జనం విన్నారు. నిమిషాల్లోనే వాడకం తగ్గింది, కోతలు తప్పాయి. అక్కడ ఇలాంటి రోజుల్లో ఏసీని 78 ఫారన్‌హీట్, అంటే 25 డిగ్రీల పైన పెట్టుకోమంటారు. మీరూ 24 లేదా 25 మీద పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకోండి. కంప్రెసర్‌కు ఊపిరి దొరుకుతుంది, ఎండాకాలం మధ్యలో మొరాయించదు.

ఒక్క జాగ్రత్త. ఏసీ ఆపితే మళ్లీ వేయడానికి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. లోపల ఒత్తిడి సర్దుకోక ముందే వేస్తే కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఏ లక్షణానికి ఏం చెయ్యాలి?

గాలి చల్లగానే ఉంది కానీ సన్నగా వస్తోంది: జాలీ, కాయిల్ మురికి. కడగండి.

కాయిల్ మీద మంచు: కూలింగ్ ఆపి ఫ్యాన్ ఒక్కటే నడపండి, అదే కరుగుతుంది. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. కాయిల్‌కు చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. జాలీ కడిగాక కూడా మంచు వస్తుంటే మెకానిక్‌ను పిలవాలి.

గదిలోకి నీళ్లు కారుతున్నాయి: నీళ్లు పోయే పైపు పూడుకుని ఉంటుంది. విండో ఏసీ అయితే వెనక్కి కొద్దిగా వాలి ఉండాలి, ముందుకు వాలితే నీళ్లు మంచం మీదే. దాన్ని సర్దడం ఒంటరిగా చేసే పని కాదు, బరువుంటుంది. మెయింటెనెన్స్ వాళ్లకే చెప్పండి.

గాలి జోరుగా ఉంది, చల్లగా లేదు: కంప్రెసర్ మొదలవ్వడం లేదేమో. కెపాసిటర్, థర్మోస్టాట్, బయటి ఫ్యాన్... ఏదైనా కావచ్చు. మూత విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, ముట్టుకుంటే కొడుతుంది.

ప్లగ్ వేడెక్కుతోంది, కాలిన వాసన, బ్రేకర్ మాటిమాటికీ పడుతోంది: వెంటనే ఆపేయండి. పడిన బ్రేకర్‌ను పదేపదే ఎత్తొద్దు, దానికి టేపు చుట్టి నిలబెట్టొద్దు. ఏసీని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎప్పుడూ తగిలించొద్దు. ఫోన్ చార్జర్లు, రైస్ కుక్కరు, ఏసీ అన్నీ ఒకే బోర్డు మీద ఉన్న గది నిప్పు మీద కూర్చున్నట్టే.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు, వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కారణం షార్ట్ సర్క్యూట్ అని కువైట్ అగ్నిమాపక శాఖ చెప్పింది. అది ఏసీ వల్ల జరిగింది కాదు. కానీ కాలిన వైరు ఏ యంత్రానిదైతేనేం, నిద్రలో ఉన్నవాడికి తేడా ఏముంది?

గ్యాస్ మనిషిని మూడు ప్రశ్నలు అడగండి

నిజంగానే గ్యాస్ తగ్గిందని తేలితే, వచ్చిన మెకానిక్‌ను మర్యాదగానే అడగండి. అన్నా, లీకు ఎక్కడుంది? దాన్ని మూసి, వాక్యూమ్ చేశావా? ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు?

లీకు మూయకుండా గ్యాస్ కొట్టడం చిల్లు బక్కెట్లో నీళ్లు పోసినట్టే. వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలి, తడి లాగేయకపోతే కంప్రెసర్ ఎక్కువ కాలం బతకదు. ఇక గ్యాస్ పేరు, బరువు ఏసీకి అంటించిన ప్లేటు మీదే ఉంటాయి. పాతవాటిలో ఆర్-22, తర్వాతి వాటిలో ఆర్-410ఏ, కొత్తవాటిలో ఆర్-32. ఒకదాని బదులు ఇంకోటి కొట్టకూడదు. ఆర్-32కు మంట అంటుకునే గుణం కొంత ఉంది. పని జరుగుతున్నంత సేపు సిగరెట్ వెలిగించొద్దు, తలుపులు తెరిచి ఉంచండి. ఏ గ్యాస్ అయినా మూసిన గదిలో నిండితే ఊపిరాడదు, చర్మం మీద పడితే మంచు కాటు వేస్తుంది.

డబ్లిన్‌లో ఈ పని ఎవరు చెయ్యాలి?

అమెరికాలో 1992 జులై నుంచి ఆర్-22 లాంటి గ్యాస్‌ను కావాలని గాలిలోకి వదలడం నేరం. వేల డాలర్ల జరిమానా పడుతుంది. 1994 నవంబరు నుంచి గ్యాస్ పని చేసే ప్రతి మెకానిక్ పర్యావరణ సంస్థ ఈపీఏ ఆమోదించిన పరీక్ష పాసై కార్డు పొందాలి. చట్టంలోని సెక్షన్ పేరు మీద దాన్ని ‘608 కార్డు’ అంటారు. విండో ఏసీల్లాంటి చిన్నవాటికి మొదటి రకం, పెద్దవాటికి రెండు, మూడు రకాలు, అన్నీ పాసైతే యూనివర్సల్. ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది.

సొంతంగా కాంట్రాక్టులు పట్టాలంటే కాలిఫోర్నియాలో సీ-20 అనే లైసెన్సు ఉండాలి. దానికి నాలుగేళ్ల పని అనుభవం, పరీక్షలు, 25,000 డాలర్ల బాండు కావాలి. 2024 మే నాటి లెక్కల్లో అమెరికాలో ఏసీ మెకానిక్ మధ్యస్థ జీతం ఏడాదికి 59,810 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువే. సూటు వేసుకున్న ఇంజినీరు కూడా ఎండాకాలం ఈ మెకానిక్ కోసం ఎదురుచూడాల్సిందే!

మన క్యాంపుల్లో ఏసీ హెల్పర్లుగా చేస్తున్న తమ్ముళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. మీ చేతిలో ఉన్నది చిన్న పని కాదు. స్పానర్ అందిస్తూనే వాక్యూమ్ ఎలా పెడుతున్నారు, గ్యాస్ ఎలా తూస్తున్నారు అన్నది చూసి నేర్చుకోండి. చేసిన ప్రతి పనీ డైరీలో రాసుకోండి, కంపెనీ మారేటప్పుడు అనుభవ పత్రం తప్పక అడగండి. ఊళ్లో ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న తమ్ముడుంటే ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ రెండేళ్ల కోర్సులో చేర్పించండి. ఒక ప్రాణం కాపాడే మాట కూడా: లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే కంప్రెసర్ నూనెతో కలిసి బాంబులా పేలుతుంది. ఫోర్‌మెన్ చెప్పినా చెయ్యొద్దు.

అయితే డాలర్ల లెక్క విని ఏజెంట్ల వలలో పడకండి. 608 కార్డు పనికి అర్హతే తప్ప వీసా కాదు. ఏసీ మెకానిక్ కార్డుతో నేరుగా అమెరికా పంపిస్తామని లక్షలు అడిగేవాడు దొరికితే దూరం జరగండి.

అడిగే హక్కు మీకుంది

జాలీ కడగడం మన పని. పాడైన ఏసీని బాగు చేయించడం మాత్రం వసతి ఇచ్చిన కంపెనీ బాధ్యత. యూఏఈలో కార్మికుల వసతికి 2009లో మంత్రిమండలి ప్రమాణాలు పెట్టింది. మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఉండాలి, గదులకు గాలి, వెలుతురుతో పాటు ఏసీ ఉండాలి.

క్యాంపు బాస్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. గది నంబరు, తేదీ, ఏసీ లక్షణం రాసి, గదిలో అందరూ సంతకాలు చేసి ఇవ్వండి, ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. ‘జాలీ ఫలానా తేదీన కడిగాం, అయినా చల్లబడటం లేదు’ అని రాస్తే మీ మాటకు బలం వస్తుంది. గోడ మీది తేదీల కాగితం ఇక్కడే అక్కరకొస్తుంది. అయినా కదలిక లేకుంటే యూఏఈ కార్మిక శాఖ నంబరు 600590000. భారత ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342. మిగతా దేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని అడగవచ్చు.

వచ్చే శుక్రవారం సెలవు దొరికితే బట్టలు ఉతుక్కునేటప్పుడే జాలీ కూడా ఒకసారి తీయండి. బక్కెట్లో ఎంత మట్టి దిగుతుందో చూస్తే, ఇన్నాళ్లూ మీరు ఏ గాలి పీల్చి పడుకున్నారో తెలుస్తుంది. చల్లగా నిద్రపోండి సోదరులారా, క్షేమంగా డ్యూటీ చేసుకోండి, క్షేమంగా ఇంటికి చేరండి.